కొమ్ములు గట్టిపడే కాలం

మా డాక్టరత్త పోయింది. జబ్బు చేసి కాదు, వయసు మీదపడీ కాదు. తను సీసాతో పాలు పట్టి పెంచిన జంతువే పొడిస్తే పోయింది. ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకున్నాను. ఇంకెవరి సంగతో రాసినట్టుంది.

నేను బిష్టుపూర్‌లో ఒక కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంటాను. నాన్న కార్ఖానా పనికి వచ్చి స్థిరపడ్డ, హిందీ మాట్లాడే ఊరు ఇది. అది మార్గశిర మాసం. ఎండ హాయిగా కాస్తున్న పొద్దుటి పూట, ఒక పెద్దాయన మెషీను మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. ఫోను మోగింది. అమ్మ.

"గుంటడు పొడిసీసినాడే. అత్తని."

"ఏ గుంటడమ్మా?"

"మన గుంటడేనే! ఇంకెవుడు!"

మా శ్రీకాకుళం వైపు గుంటడంటే కుర్రాడు. మా ఇంట్లో మాత్రం ఆ పేరు ఒక్కడిదే. ఊరి చివర జింకల పార్కులో ఉండే మగ కణుజుది. ఇక్కడివాళ్ళు సాంబర్ అంటారు. నిలబడితే నా భుజం దాకా వస్తాడు. ముదురు మట్టిరంగు ఒళ్ళు, మెడ చుట్టూ జూలు, కొమ్మల్లా చీలిన కొమ్ములు. వాడెవడో తెలియక అడగలేదు నేను. వాడూ, అత్తా, పొడవడం అన్న మాటా పక్కపక్కన నిలబడటం నా బుర్రకి ఎక్కలేదు.

ఆ తర్వాత పెద్దాయనకి కళ్ళద్దాల నెంబరు రాసిచ్చానట. సరిగ్గానే రాశానని షాపులో వాళ్ళు చెప్పారు. నాకైతే ఆటోలో కూర్చున్నాక డ్రైవరు వెనక్కి తిరిగి, "కహా జానా హై, దీదీ?" అని, ఎక్కడికెళ్ళాలో గట్టిగా అడగడం దగ్గర్నుంచే గుర్తుంది.

నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. వరండాలో బెంచీ మీద అమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో అత్త రబ్బరు బూట్లు.

"సూడే, బూట్లు నా సేతిలో ఎట్టీసినారు," అంది. "మనిషిని ఇవ్వకుండా బూట్లిచ్చినారేటే?"

ఏడవడం లేదు. నిజంగానే అడుగుతోంది. నా దగ్గర జవాబు ఉందేమో అన్నట్టు నా మొహంలోకి చూస్తోంది.

డాక్టరత్త పశువుల డాక్టరు, జింకల పార్కు జంతువుల్ని కూడా తనే చూసేది. ఇదే ఊళ్ళో, గోల్‌మురిలో మా క్వార్టరుకి పైవాటా ఆవిడది. వాళ్ళ నాన్నగారూ మా నాన్నా ఒకే కార్ఖానాలో పనిచేశారు, ఇద్దరివీ పక్కపక్క ఊళ్ళు. ఆ రకంగా నాన్నకి చెల్లెలి వరస, నాకు అత్త. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయాక పైన ఒక్కతే ఉండేది, భోజనం మాత్రం చాలా రోజులు మా ఇంట్లోనే. మా క్వార్టర్ల వరసలో ఉండే బిహారీ పిల్లలకీ ఒడియా పిల్లలకీ కూడా ఆవిడ డాక్టరత్తే. 'డాక్టరత్తా ఆ గయీ', వచ్చేసిందంటూ స్కూటరు వెనకాల పరిగెత్తేవాళ్ళు. అత్త అన్నది ఆవిడ ఇంటిపేరని అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఆవిడ చేతులు ఎప్పుడూ ఏదో మందు వాసన వేసేవి. అమ్మ ఇచ్చిన టీ ముక్కు దగ్గర పెట్టుకుని, "నీ టీ కూడా నా సేతుల వాసనే వత్తంది వదినా," అని నవ్వేది. వీధిలో ఎవరైనా కుక్కని రాయిపెట్టి కొడితే మాత్రం నవ్వేది కాదు. భాద్రపదంలో కుక్కలు గుంపులు కట్టి కొట్లాడుకుంటుంటే పిల్లలందర్నీ గోడవారకి జరిపి, "వాటి రోజులివి. నాలుగు వారాలు పోతే అవే మీ ఇంటి ముందు తోకాడిస్తాయి," అని హిందీలో చెప్పేది. 'వాటి రోజులు' అన్నది ఆవిడ ఊతపదం. దేని గురించైనా అదే అనేది.

ఒక వేసవిలో నన్ను భుయ్యాడీహ్ తీసుకెళ్ళింది. సువర్ణరేఖ ఒడ్డున అక్కడ గేదెల కొట్టాలున్నాయి. ఒక కొట్టం యజమాని మండిపడుతున్నాడు. గేదె ఎదకి రావడం లేదట, దాణా తినడం తప్ప పనికిరాకుండా పోయిందట. సూదిమందేదో వేసి పని కానివ్వమన్నాడు. అత్త గేదె వీపు మీద రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి, అరచేత్తో రుద్దుతూ అంది:

"భయ్యా, ఇస్ గర్మీ మే యే నహీ బోలేగీ. దిన్ ఛోటా హోనే దో."

ఈ ఎండల్లో అది ఎదకొచ్చి అరవదు, పగలు కాస్త తగ్గనివ్వమని. వాడికి నచ్చలేదు. తిరిగి వస్తుంటే స్కూటరు మీద నాకు విడమరిచి చెప్పింది.

"ఎండాకాలం గేదెకి ఎద వచ్చినా పైకి తెలీదే. కొన్నిటికి రానే రాదు. పగలు తగ్గీ, చలి మొదలైతే అదే అరుత్తాది. ఒంటికి కేలెండరు గోడ మీద ఉండదు, నెత్తుర్లో ఉంటాది."

నేను కళ్ళ పరీక్ష చదువుకుంటున్న రోజులవి. కన్ను ఎలా చూస్తుందో పుస్తకాల్లో చదివి ఆవిడకి గొప్పగా చెప్పబోయాను. "చూడ్డానికే అనుకుంటన్నావా కన్ను?" అంది. "వెలుగు ఎంతసేపుందో బుర్రకి చేరేసేది కూడా అదే. బుర్ర మధ్యలో చిన్న గ్రంథి ఉంటాది. చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోను వదుల్తాది. రాత్రి పెద్దదైతే ఎక్కువసేపు, చిన్నదైతే తక్కువసేపు. అది చూసి ఒళ్ళు ఏ కాలమో తెలుసుకుంటాది. అక్కణ్ణుంచి మిగతా హార్మోన్లు బయల్దేరతాయి. ఒకదానికి ఎద, ఒకదానికి కొమ్ము, ఒకదానికి కొత్త బొచ్చు."

"మన దగ్గర పగలు మరీ అంత తగ్గదు కదత్తా?"

"తగ్గదు. అందుకే వానా మేతా కూడా సాయం వత్తాయి. ఒక్కదాన్నే నమ్ముకోదు ఒళ్ళు."

ఇంత చెప్పాక నా నెత్తి మీద ఒకటి మొట్టి, "పో, పరీక్షకి చదువుకో," అంది.

గుంటడు మా ఇంటికి వచ్చింది ఒక వానాకాలంలో. దల్మా కొండల వైపు తల్లిని కుక్కలు చంపేస్తే, పిల్లని గోనెసంచిలో చుట్టి ఎవరో అత్తకి అప్పగించారు. పార్కులో రాత్రిపూట పాలు పట్టే మనిషి లేడు. స్కూటరు మీద కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంటికే తెచ్చేసింది.

"ఓలమ్మా, ఏటిది? కాళ్ళు తప్ప ఒళ్ళే లేదు," అంది అమ్మ. కాసేపటికి తనే దాన్ని చీర కొంగుతో తుడుస్తూ, "రారా గుంటడా," అంది. పేరు అదే అయిపోయింది.

మేకపాలు సీసాలో పోసి నేను పట్టేదాన్ని. పాలు తాగాక తడిగుడ్డతో వెనక తుడిస్తే గానీ అంత చిన్న కణుజుపిల్ల ఉచ్చ పోయదు. అడవిలో తల్లి నాలుకతో ఆ పని చేస్తుందట. మా ఇంట్లో అమ్మ చేసేది. సీసా అయిపోతే వాడు నా వేళ్ళు చప్పరించేవాడు. నాలుక గరుగ్గా ఉండేది. మేత తినడం మొదలెట్టాక పార్కుకి పంపించేశాం. అడవిలో వదిలేయకూడదా అని అడిగాను.

"భయం నేర్పలేదు కదే వాడికి," అంది అత్త. "భయం తెలీనోడు అడివిలో ఎలగ బతుకుతాడు?"

ఆ తర్వాత కూడా సెలవురోజుల్లో వెళ్ళి చూసేవాళ్ళం. వాడికి పెద్ద కొమ్ములు మొలుస్తున్న ఏడాది, జోరుగా వానలు పడుతుండగా, అత్త నా చెయ్యి పట్టుకుని కంచెలోంచి వాడి కొమ్ము మీద పెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. మఖమలు గుడ్డలాంటి మెత్తని నూగు. కింద జ్వరం వచ్చిన పసిపిల్లాడి నుదురంత వేడి.

"ఇప్పుడది బతికున్న కొమ్ము. నిండా నెత్తురే. గట్టిగా తగిలితే వాడికే నొప్పి, అందుకే ఈ నెలల్లో ఎవర్నీ కుమ్మడు," అంది. వాడు కళ్ళు సగం మూసుకుని నిలబడ్డాడు.

అదే ఏడాది దీపావళి వెళ్ళాక పోయాం. నూగంతా ఊడిపోయి కొమ్ములు ఎండుకట్టెల్లా మెరుస్తున్నాయి. మెడ రెండింతలైంది. బురదలో పొర్లి, తన ఉచ్చ వాసనే తనకి పూసుకుని, నేల గీరుతూ కంచె దగ్గరికి వచ్చాడు. అలవాటు కొద్దీ చెయ్యి లోపలికి పెట్టాను. అత్త నా జబ్బ పట్టి వెనక్కి లాగిన లాగుడికి కింద పడ్డాను. మరుక్షణం కంచె గణగణమని మోగింది.

నన్ను లేపలేదు. తనే పక్కన కూలబడింది.

"వాడి ఒంట్లో ఇప్పుడు మగ హార్మోను పొంగిపోతంటాదే. మేత కూడా సయించదు. అడివిలో పెరిగినోడైతే మనిషిని చూసి పారిపోతాడు. వీడు పారిపోడు. వీడి లెక్కలో మనం మనుషులం కాదు, సాటి కణుజులం. ఆడవాటి దగ్గరికి పోనీకుండా అడ్డొచ్చినోళ్ళం."

"నిన్ను కూడా గుర్తుపట్టడా?"

"గుర్తుపడతాడు. అదేనే నా భయం."

అంత తెలిసిన మనిషి. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే. తెలియనివాళ్ళకి జరుగుతాయి ఇలాంటివి అనుకుంటాం. ఆవిడకి తెలుసు. ఏ నెలలో ఏమవుతుందో, వాడి నెత్తుర్లో ఏది ఎక్కుతుందో ఏది దిగుతుందో, అన్నీ తెలుసు.

మా అమ్మ గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. నెలసరి ఆగిపోయే వయసులో అమ్మ మనిషి మారిపోయింది. నిద్ర లేదు, చలికాలంలో చెమటలు. ఊరికే కోపం, వెంటనే ఏడుపు. ఒక పొద్దున కూర గిన్నె నాన్న మీదికి విసిరేసి, పెరట్లో నీళ్ళ తొట్టి వెనక దాక్కుంది. నాన్నా నేనూ ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోతే, పైనుంచి అత్త దిగి వచ్చి తొట్టి పక్కన మఠం వేసుకు కూర్చుంది.

"నాకు పిచ్చెక్కినాది వదినా," అంది అమ్మ. "నన్ను ఎక్కడన్నా ఒగ్గీండి."

"పిచ్చి కాదు వదినా. ఇన్నేళ్ళూ ఒంట్లో ఊరిన హార్మోను తగ్గిపోతంది. అది లేకుండా ఉండడం ఒళ్ళు నేర్చుకోవాలి, అందాకా ఇలగే ఉంటాది. కోపం నీదే, కాదన్ను. కానీ నువ్వంటే ఆ కోపం ఒక్కటే కాదు."

మర్నాడు తనే తీసుకెళ్ళి ఆడ డాక్టరుకి చూపించింది. నాన్నని విడిగా కూర్చోబెట్టి ఏం చెప్పిందో తెలియదు. ఆయన మళ్ళీ అమ్మని పల్లెత్తు మాట అనలేదు.

ఇక ఆ రోజు సంగతి. పార్కులో జంతువుల్ని చూసే సోమాయ్ అనే సంతాలీ ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నాకు హిందీలో చెప్పాడు. చొక్కా నిండా ఆవిడ నెత్తురు.

నేను కంచె దగ్గర పడ్డ మరుసటి ఏడు నుంచీ, ఏటా కొమ్ములు ముదరగానే గుంటడికి మత్తు ఇచ్చి వాటిని రంపంతో కోసేసేది అత్త. ముదిరిన కొమ్ములో ప్రాణం ఉండదు, గోరు తీసినట్టే. కానీ కిందటేడు మత్తులో వాడి ఊపిరి ఆగిపోయింది. అత్తా సోమాయ్ ఇద్దరూ వాడి పక్కలు నొక్కి నొక్కి వెనక్కి తెచ్చారు. ఈసారి మత్తు ఇస్తే బతకడని ఆవిడకి అనిపించింది. కొమ్ములు ఉండనిచ్చి, దొడ్డి మధ్యలో ఇనుప గేటు పెట్టించింది. ఆవిడ చేసింది సరైన పనో కాదో నాకు తెలియదు.

ఆ పొద్దున ఒక ఆడ కణుజు కడుపు ఉబ్బి పడిపోయింది. గుంటణ్ణి అవతలి సగంలోకి తోలి, గేటు గడియ పెట్టారు. అత్త ఆడదాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తాగించడానికి నూనె తెమ్మని సోమాయ్‌ని పంపింది. అవతలనుంచి గుంటడు గేటుని కుమ్ముతూనే ఉన్నాడు. ఆ గడియ ఎప్పుడు ఒంగిందో ఎవరూ చూడలేదు. సోమాయ్ సీసాతో పరిగెత్తుకొచ్చేసరికి గేటు బార్లా తెరుచుకుని ఉంది. ఒకే పోటు. తొడలో.

సోమాయ్ వెదురు కర్ర ఎత్తాడు. కంచెకి ఆనుకుని, రెండు చేతులతో తొడ నొక్కిపట్టుకున్న అత్త అరిచిందట. "మార్నా మత్, సోమాయ్! పానీ మారో!" కర్రతో కొడితే వాడు ఇంకా రెచ్చిపోతాడని ఆ స్థితిలో కూడా ఆలోచించింది. నీళ్ళ పైపుతో మొహం మీద కొడితే గుంటడు వెనక్కి తగ్గాడు. ఆవిణ్ణి జీపులో వేసుకుని బయల్దేరారు.

"ఏమైనా అన్నారా దారిలో?" అని అడిగాను.

సోమాయ్ తన చొక్కా కేసి చూసుకుంటూ చెప్పాడు.

"తేల్ పిలాయా క్యా, అని అడిగారు, దీదీ. నేను హా అన్నాను. నూనె ఇంకా పట్టలేదు. అబద్ధం చెప్పాను."

ఆవిడ ఆఖరి మాట అది. నూనె పట్టించావా అని. తర్వాత పార్కువాళ్ళు పట్టించారు. ఆ ఆడ కణుజు బతికింది.

అంత్యక్రియలకి వీధి వీధంతా వచ్చింది. భుయ్యాడీహ్ నుంచి గేదెలవాళ్ళు కూడా వచ్చారు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. అందరూ ఒకే మాట, 'ఐసే కైసే?' ఇలా ఎలా జరుగుతుందని.

అమ్మ ఒకటే పాట పట్టింది. "దాన్ని సంపీయాల. పాలు తాగిన సేతినే పొడిసీసినాది. ఇంకా మేతెట్టి మేపుతారేటి?" లోపల నాకూ అదే ఉంది. నా వేళ్ళు చప్పరించిన ఆ నాలుక గుర్తొస్తే లేచి వెళ్ళి చేతులు కడుక్కునేదాన్ని.

కర్మ అయ్యాక పార్కు పెద్దాయన మా ఇంటికి వచ్చారు. మర్యాదస్థుడు. చాలాసేపు టీ ముట్టుకోలేదు. చివరికి, ఆ జంతువుని ఉంచొద్దని పైనుంచీ ఊళ్ళోంచీ గట్టిగా అడుగుతున్నారనీ, ఆవిడకి దగ్గరివాళ్ళు మీరే కాబట్టి మీ మాట కూడా పైకి రాస్తాననీ హిందీలో చెప్పారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడ వైపు చూస్తోంది.

"నేను గిన్నె ఇసిరీసిన రోజు," అంది తెలుగులోనే, "అది కొంచెం పక్కకి ఎల్లింది గాబట్టి సరిపోయింది. ఆయన బుర్రకి తగిల్తే?"

పార్కు పెద్దాయన అర్థంకాక నా వైపు చూశారు. నేను అనువాదం చెయ్యలేకపోయాను.

"నన్ను ఎవులూ సంపీయమన్లేదు గదే," అంది అమ్మ, ఈసారి నాతో. "మీ అత్త నా పక్కనొచ్చి కూకుంది. సెప్పు ఆయనికి. గుంటణ్ణి ఏటీ సెయ్యొద్దని సెప్పు. గేటు మాత్రం గట్టిది ఎట్టమను."

చెప్పాను. ఆయన రెండు చేతులూ జోడించి లేచారు. అమ్మ అప్పుడు ఏడ్చింది. అత్త పోయాక అమ్మ ఏడవడం అదే మొదలు. నేనూ ఆపుకోలేకపోయాను.

గుంటణ్ణి ఉంచారు. వేరే దొడ్డి, రెండు గేట్లు. హోళీ వెళ్ళిన కొన్నాళ్ళకి సోమాయ్ ఫోను చేశాడు. "గిర్ గయే, దీదీ. దోనో." కొమ్ములు రెండూ రాలిపోయాయని.

వెళ్ళాలా వద్దా అని చాలా ఆలోచించి, అమ్మా నేనూ కలిసే వెళ్ళాం. కంచెకి దూరంగా నిలబడ్డాం. వాడి నెత్తి మీద కొమ్ములున్న చోట రెండు గుండ్రటి పచ్చి మచ్చలు, అంచున ఎండిన నెత్తురు. మెడ సన్నబడింది, జూలు పలచబడింది. వాడికేమీ గుర్తున్నట్టు లేదు. మమ్మల్ని చూసి లేవలేదు కూడా. వాడి మీద జాలి వేసిందని రాయలేను, క్షమించానని కూడా రాయలేను. ఆ మగ హార్మోను వాడి ఒంట్లోంచి దిగిపోయింది. మా అత్త లేదు. ఈ రెంటికీ మధ్య నేను ఇంకా తడుముకుంటూనే ఉన్నాను.

"ఎల్దామా?" అంది అమ్మ. అని తనే కదల్లేదు.

చలికాలపు బొచ్చు వాడి వీపు మీద కుచ్చులు కుచ్చులుగా లేచి ఉంది, ఊడిపోవడానికి సిద్ధంగా. ఎక్కణ్ణుంచో ఒక గోరింక వచ్చి వాడి నడుం మీద వాలింది. అటూ ఇటూ చూసి ఒక కుచ్చు ముక్కుతో పట్టి లాగింది. మళ్ళీ ఇంకొకటి. ముక్కుకి రెండువైపులా మీసాల్లా బొచ్చు వేలాడేదాకా పీకింది. గుంటడు చెవి ఒకటి తిప్పాడు, అంతే. గోరింక మా తలల మీదుగా ఎగిరి, పంపు గది గోడ కన్నంలో కట్టుకుంటున్న గూటిలోకి దూరింది. కాసేపట్లో ఖాళీ ముక్కుతో బయటికి వచ్చి, మళ్ళీ వాడి వీపు వైపే ఎగిరింది.